కృతి కాఠిన్యము – అభ్యాసి అధికారము



బ్రహ్మసూత్రాలలో మొదటి పదం 'అథ'. ఆ ఒక్క పదానికి అర్థనిర్ణయం చేయడానికే భగవత్పాద శంకరులు భాష్యారంభంలో విస్తారమైన చర్చ సాగించారు. అది ఆరంభార్థకమా, మంగళార్థకమా, ఆనంతర్యార్థకమా అని విచారించి, ఆనంతర్యమే గ్రాహ్యమని నిర్ణయించారు. 'దీని తరువాత' అని తాత్పర్యం. దేని తరువాత? సాధన చతుష్టయ సంపత్తి కలిగిన తరువాత. శాస్త్రం తాను చెప్పదలచినదానిని ఇంకా ఆరంభించనైనా లేదు. వినడానికి వచ్చినవాడు ఎవడన్న ప్రశ్న అప్పుడే వేసింది. వేదాంతసారకర్త సదానందులు అనుబంధ చతుష్టయాన్ని పరిగణించేటప్పుడు కూడా విషయ, సంబంధ, ప్రయోజనాలకంటె ముందు అధికారినే నిలిపారు.

"ఈ గ్రంథం కష్టమా, సులభమా?" అని జిజ్ఞాసువులు తరచుగా అడుగుతూ ఉంటారు. 'ఎవరికి?' అన్నది చేర్చనిదే ఆ ప్రశ్నకు ఉత్తరం లేదు. వ్యాకరణం నాలుగేళ్ళు చదివినవాడికి పాణినీయ సూత్రం ఒక పంక్తి. చదవనివాడికి అదే పంక్తి దాటరాని గోడ. అధికారి నిరూపణ గ్రంథారంభంలోనే చేయడంలో పూర్వుల దయ ఉంది. ఆయుష్షు పరిమితం. అందనిదానిపై సంవత్సరాలు వ్యయపరచడం నష్టమే. అందగలదానిని చూసి భయపడి విడిచిపెట్టడం అంతకంటె పెద్ద నష్టం.

ఈ విచారమే గత గ్రీష్మంలో కోనసీమలోని ఒక అగ్రహారంలో, వేదాంతంతో ఏ సంబంధమూ లేనట్టు తోచే ఒక విద్యను గురించి జరిగింది. ఆ ఇంటి పెద్ద కృష్ణయజుర్వేద ఘనపాఠి, డెబ్బది దాటినవారు. వారి దౌహిత్రి లండన్ నగరంలో పియానో వాద్యం అభ్యసిస్తున్నది. సెలవులకు వచ్చిన ఆమె సంచిలో మూడు స్వరలిపి పుస్తకాలున్నాయి. మూడూ గడచిన శతాబ్దపు రచనలే. తిరిగి వెళ్ళిన రెండు వారాలలో వాటిలో ఒకదానిని పరీక్షకు ఎంచుకొని గురువుకు తెలపాలి. ఆ తరువాత సంవత్సరమంతా దానితోనే గడపాలి. ఆ ఊళ్ళో పియానో లేదు. వాయించి చూసే వీలు లేదు కనుక కాగితాన్ని చూసే కొంత నిర్ణయం చేసుకోవాలి.

ఆమె జంకుకు బలమైన కారణమే ఉంది. గ్యోర్గి లిగెటి అనే స్వరకర్త 1985 నుండి 2001 వరకు పియానోకు 18 అభ్యాసకృతులు రచించారు. వాటికి ఫ్రెంచి భాషలో ఎట్యూడ్లని పేరు. మొదటిది 'దెజోర్ద్ర్' – 'అవ్యవస్థ' అని అర్థం. అందులో కుడిచెయ్యి తెల్లమీటలపైనే, ఎడమచెయ్యి నల్లమీటలపైనే సంచరిస్తాయి. స్వరాలు సమాన ప్రమాణంలో ఎడతెగక నడుస్తాయి. పుట చూస్తే చిక్కేమీ కనిపించదు. రెండు చేతుల ఊనికలు మొదట ఒకేచోట పడతాయి. కొద్దిసేపటికి కుడిచేతి ఊనిక ఒక మాత్ర ముందుకు జరుగుతుంది, మరికొంతసేపటికి మళ్ళీ జరుగుతుంది. ఒకే దేహంలో ఇద్దరు వాదకులు చెరొక తాళంలో వాయిస్తున్నట్టు అవుతుంది. ఇదంతా అతిద్రుత కాలంలో, గట్టి స్పర్శతో. అంతకు ముందటి సంవత్సరం ఆమె దానిని విని మోహపడి, పుట తిరగేసి, చదవడం సులభమేనని తలచి స్వీకరించింది. ఐదు నెలలు శ్రమించింది. ముంజేతిలో నొప్పి పుట్టింది. మూడు నెలలు మీటలు తాకరాదని వైద్యుడు శాసించాడు. ఆ సంవత్సరం గడచిపోయింది, పరీక్ష జరుగలేదు.

"ఈసారి కూడా లెక్క తప్పితే ఇక నన్ను మళ్ళీ నిలబెట్టేవాళ్ళు ఉండరు తాతగారూ" అన్నది ఆమె.

"పుట చూపించమ్మా" అన్నారాయన.

ఆయనకు పాశ్చాత్య స్వరలిపి తెలియదు. అయినా చూపుకు తోచినదేదో చెప్పారు. మొదటి పుస్తకం ఆంటన్ వెబర్న్ 1936లో పూర్తిచేసిన 'వేరియేషన్స్'. పుటలో తెలుపే ఎక్కువ; నలుపు ఇక్కడొక చుక్క, అక్కడొక చుక్క. "ఇందులో అక్షరాలే లేవు కదమ్మా! చిన్నపిల్లల పాఠమా?" అని ఆయన అన్నప్పుడు దౌహిత్రి నవ్వు ఆపుకోలేకపోయింది. మూడు భాగాలున్న ఆ రచనలో రెండవ భాగం ఒక నిమిషమైనా పట్టదు. కాని ఆ అల్పకాలంలో రెండు చేతులూ ఒకదానిపై నుండి ఒకటి దాటుతూ, అతితార స్థాయినుండి అతిమంద్ర స్థాయికీ మళ్ళీ పైకీ దూకుతూ ఉండాలి. ఒక మధ్యస్వరానికి ఎగువన ఎంత దూరంలో ఒక స్వరం పలికితే, దిగువన అంతే దూరంలో దాని ప్రతిబింబం పలుకుతుంది. మెల్లగా, గట్టిగా అన్న సంజ్ఞలు కూడా అడుగడుగునా మారిపోతాయి. దూకిన వేలు వెంట్రుకవాసి పక్కన పడినా దాచుకోవడానికి చుట్టూ మరో స్వరం ఉండదు. నల్లని పుట కఠినం, తెల్లని పుట సులభం అన్నది అందరూ వేసే మొదటి లెక్క. ఆధునిక రచనల విషయంలో మొదట దెబ్బతినేది కూడా అదే.

రెండవ పుస్తకం ఫిలిప్ గ్లాస్ రచించిన ఎట్యూడ్లు. ఒకే స్వరసమూహం మళ్ళీ మళ్ళీ వస్తుంది. పునరావృత్తి చిహ్నాలు ప్రతి పంక్తిలోనూ ఉన్నాయి. "ఇది అన్నిటికంటె తేలిక అంటారు తాతగారూ" అన్నది ఆమె. ఆయన తల అడ్డంగా ఊపారు.

"నేనైతే దీనికే భయపడతాను. చమకంలో 'చ మే' ఎన్నిసార్లు వస్తుంది? సంత చెప్పుకునేటప్పుడు పిల్లలకు అంతకంటె హాయి లేదు. వల్లె వేసి ఏకధాటిగా చెప్పమన్నప్పుడు తెలుస్తుంది. ఒక అనువాకంలో ఉన్నవాడు తనకు తెలియకుండానే ఇంకొక అనువాకంలో తేలతాడు. వేరుగా ఉన్న మాట నిన్ను ఆపుతుంది. ఒకేలా ఉన్న మాట జారవిడుస్తుంది."

లిపి చదవలేని వ్యక్తి ఇంత ఖచ్చితంగా చెప్పగలగడం వింతగా తోచవచ్చు. అరవై సంవత్సరాలు ఒకే శాఖను ఆవృత్తి చేసినవారికి దృష్టి పుటపై ఉండదు, పుట ఎక్కడ మోసం చేస్తుందన్నదానిపై ఉంటుంది. వెబర్న్ రచనలోని మొదటి భాగంలో పదబంధాలు ముందుకు నడిచి, వచ్చిన దారినే వెనుకకు మరలుతాయని ఆమె వివరించగానే ఆయన ముఖంలో కుతూహలం కనిపించింది. అది ఆయనకు పుట్టినింటి భాష.

ఘనపాఠం బయటివారికి భయం గొల్పుతుంది. ఒకటి-రెండు, రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు, మూడు-రెండు-ఒకటి, ఒకటి-రెండు-మూడు అని మూడు పదాలను చెప్పి, ఒక పదం ముందుకు జరిగి మళ్ళీ అదే క్రమం పాటించాలి. ఆద్యంతాలు విడిచి చూస్తే ప్రతి పదమూ పదమూడుసార్లు ఉచ్చరింపబడుతుంది. వినేవారు ఆ పదమూడింటిని చూసి దిగ్భ్రమ చెందుతారు. చెప్పేవాడికి శ్రమ అక్కడ లేదు. క్రమం ఒకసారి స్వాధీనమైతే దానంతట అదే నడుస్తుంది. శ్రమంతా 'మూడు-రెండు', 'రెండు-ఒకటి' అని వెనుకకు తిరిగినచోట. సహజ క్రమంలో ఎన్నడూ పక్కపక్కన లేని అంత్యాక్షరమూ ఆద్యక్షరమూ అక్కడ కలుస్తాయి. సంధి మారుతుంది, ఉదాత్త స్వరితాల స్థానం మారుతుంది. ఘనంలో తడబాటు ఎక్కడ వచ్చినదో గమనిస్తే చాలావరకు ఆ మలుపులోనే ఉంటుంది. వెబర్న్ మొదటి భాగం కూడా అట్టిదే అయి ఉంటుందని ఘనపాఠిగారు ఊహించారు: "వెనక్కి తిరిగేచోట చేతులు ఏ వేళ్ళతో పట్టుకోవాలో, అది చూడు. మిగతాది నడుస్తుంది."

పిమ్మట ఆయన తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లిని స్మరించారు. ఉచ్చారణ శాస్త్రానికి ఆ వల్లి ఆరు అంగాలు చెబుతుంది: వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము. అక్షరం ఏది, దాని ఎత్తు ఎంత, కాలం ఎంత, ప్రయత్నం ఎంత, సమత్వం నిలిచిందా, ఒకదానితో ఒకటి సంధానమైనదా అని వాటి భావం. ఒక పాఠం కష్టమని శిష్యుడు అంటే, 'ఈ ఆరింటిలో ఏది కష్టం?' అని అడగడం ఆ ఇంటి పద్ధతి. కష్టమనే మాట ఒక్కటే. దానికి చికిత్సలు ఆరు.

ఈ ఆరింటిని పియానోకు అన్వయించి చూడడం ఆ అమ్మాయికి ఒక కొత్త కన్ను తెరచినట్టయింది. పూర్వపు రచనలలో కాఠిన్యం ఎక్కువగా వర్ణంలో ఉండేది. ఎన్ని స్వరాలు, ఎంత వేగం అన్నదానినిబట్టి అంచనా కుదిరేది. ఇరవయ్యవ శతాబ్దంలో కొందరు స్వరకర్తలు ఆ కాఠిన్యాన్ని ఇతర అంగాలకు తరలించారు. బలానికి చరమ దృష్టాంతం ఒలివియే మెసియాన్ 1949లో రచించిన ఒక కృతి. అందులో 36 స్వరాలు. ప్రతిదానికీ దానిదే అయిన కాలప్రమాణం, స్పర్శారీతి, ధ్వనితీవ్రత నియతమై ఉన్నాయి. కాలప్రమాణాలు 24, స్పర్శలు 12, తీవ్రతలు 7. పక్కపక్కనే ఉన్న రెండు స్వరాలలో ఒకటి అతిమృదువుగా, రెండవది అతితీవ్రంగా పలకాలి. వేళ్ళకు ఒకే అలవాటుతో రెండడుగులు వేసే అవకాశం ఉండదు. ప్రతి అక్షరానికీ విడిగా ఉదాత్తానుదాత్త విచారం చేయవలసిన వేదాధ్యాయికి ఈ శ్రమ పరిచితమే. పుట చూసి స్వరాలు లెక్కపెట్టేవాడికి మాత్రం ఇది తెలియదు.

మాత్రలో కాఠిన్యానికి లిగెటియే నిదర్శనం. సంచిలోని మూడవ పుస్తకం ఆయనదే. అందులో ఆమె మనసు పడింది రెండవ ఎట్యూడ్ మీద. దాని పేరుకు 'ఖాళీ తంత్రులు' అని అర్థం. వయొలిన్ తంత్రులను వేలు ఆనించకుండా మీటినప్పటి పంచమ సంవాదమే దానికి ఆధారం. మృదువుగా, నెమ్మదిగా మొదలవుతుంది. పోనుపోను రెండు చేతులకూ వేర్వేరు గణనలు వచ్చి అల్లుకుంటాయి. సరిగ్గా ఇక్కడే ఆమెకు భయం. నిరుడు తనను పడగొట్టినది ఈ మాత్రాభేదమే కదా! వేగం, బలప్రయోగం అంతగా లేకపోయినా, గుణం అదే. కాగితంమీద తూచినంతవరకు వెబర్న్ క్షేమమనీ, లిగెటి ప్రమాదమనీ ఆమెకు తోచింది.

"మీ గురువులు చెప్పలేరా?" అని ఆయన అడిగారు.

చెప్పగలిగినంత చెబుతారు. జర్మనీలోని హెన్లే ప్రచురణ సంస్థ పియానో రచనలకు 1 నుండి 9 వరకు కాఠిన్యసంఖ్యలు ఇస్తుంది. బ్రిటన్‌లో ఏబీఆర్‌ఎస్‌ఎమ్ పరీక్షలకు 1 నుండి 8 వరకు శ్రేణులున్నాయి. బేలా బార్టోక్ 1926 నుండి 1939 వరకు కూర్చిన 'మైక్రోకాస్మోస్' అనే ఆరు సంపుటాలలో 153 రచనలను తానే సులభంనుండి కఠినానికి క్రమపరచారు. స్వరకర్తే సోపానం కట్టి ఇవ్వడం అభ్యాసికి మహోపకారం. కాని అట్టి సోపానం అరుదు. బేతోవెన్ సొనాటా ఎక్కడ ఎవరిని పడవేస్తుందో రెండు వందల ఏళ్ళ గురుపరంపరకు తెలుసు. నలభై ఏళ్ళనాటి రచనకు ఆ పరంపర ఇంకా పలుచనే. సంఖ్య ఉన్నా అది సగటు అభ్యాసిని ఉద్దేశించినది; సగటు అభ్యాసి అనే వ్యక్తి ఏ ఇంట్లోనూ పుట్టడు.

రచించినవాడి అంచనా కూడా తప్పవచ్చు. లిగెటి పద్నాలుగవ ఎట్యూడ్‌ను మొదట రచించినప్పుడు అది మానవ హస్తాలకు అసాధ్యమన్నంత కఠినమైనది. దానిని యంత్రపు పియానోకు విడిచి, వాదకునికోసం వేరొక కృతి రచించవలసి వచ్చింది. ఆ మహానుభావుడు తాను పియానో నేర్వడం ఆరంభించినదే పద్నాలుగవ ఏట. తన ఎట్యూడ్లను తానే తృప్తిగా వాయించగల హస్తనైపుణ్యం ఆయనకు లేదు. కర్తకే అధికారం చాలని కృతులు లోకంలో ఉన్నాయన్నమాట. ఇది విని ఘనపాఠిగారు చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. అపౌరుషేయమైన వేదానికి ఈ ప్రశ్న రాదు కదా!

దేహవిచారం కూడా తప్పదు. పియానోలో ఒక స్థాయి, అంటే ఎనిమిది తెల్లమీటల ఎడం, మీట నడుమనుండి మీట నడుమకు సుమారు 16.5 సెంటీమీటర్లు, పదవ మీటకు చాచాలంటే సుమారు 21 సెంటీమీటర్లు కావాలి. ఆమె చేతికి తొమ్మిదవది కష్టంగా అందుతుంది, పదవది అందదు. సాధనతో వేలు పొడుగవదు. వేదంలోనూ శ్వాస చాలనివాడిని గురువు పొట్టి విరామాలతో నేర్పి నడిపిస్తాడే తప్ప, ఊపిరి బిగబట్టమనడు. స్వరలిపిలో మొదట చూడవలసినది ఇటువంటి మార్చరాని హద్దులనే, తక్కినవి తరువాత. మూడు పుస్తకాలనూ ఆమె ఈ దృష్టితో మళ్ళీ తిరగేసి, అందని సంధులను పెన్సిలుతో గుర్తు పెట్టుకున్నది. విడగొట్టి వాయించడానికి వీలున్నవే ఎక్కువ తేలాయి.

తేలికగా కనిపించేదానిని గురించి ఒక మాట. ఆర్వో పార్ట్ 1976లో రచించిన 'ఫ్యూర్ అలీనా' రెండు పుటలకు మించదు. వేగం లేదు, తాళనిబంధన లేదు, రెండవ మూడవ సంవత్సరపు విద్యార్థి కూడా స్వరాలన్నీ పలికించగలడు. అందుచేతనే పలువురు దానిని వాయించి, అయిపోయిందనుకుంటారు. ఛాందోగ్యంలో ప్రజాపతి వద్దకు ఇంద్ర విరోచనులిద్దరూ వెళ్ళారు. ముప్పది రెండేళ్ళ బ్రహ్మచర్యం తరువాత విన్న మొదటి ఉపదేశంతోనే విరోచనుడు తృప్తుడై వెళ్ళిపోయాడు. ఇంద్రుడు సగం దారిలో సందేహించి వెనుకకు వచ్చాడు. అలా వచ్చి వచ్చి నూట ఒక్క సంవత్సరాలు గడిపాడు. విన్నది ఇద్దరూ ఒకే ఉపదేశమే. అది సులభమని విరోచనుడు వేసిన లెక్కను తప్పని చూపించే వస్తువు ఆ ఉపదేశంలో బయటకు ఎక్కడా కనిపించదు. మౌనం ఎక్కువగా ఉన్న సంగీతం కూడా అంతే. తప్పు జరిగినట్టు అది అరచి చెప్పదు.

ఇష్టాన్ని ఈ లెక్కలో చేర్చాలా? నిరుడు మోహమే ఆమెను చెరచిందని ఇంట్లో కొందరి అభిప్రాయం. కఠోపనిషత్తు శ్రేయస్సునూ ప్రేయస్సునూ వేరుచేసి చూపించిన మాట నిజం. అయినా సాధన చతుష్టయంలో నాలుగవది ముముక్షుత్వం. అది తీవ్రమైన కోరికయే. వివేకమున్నా కోరిక లేనివాడు గ్రంథాన్ని సగంలో మూసివేస్తాడు. ఏడాదిపాటు ప్రతి ఉదయం అదే పుటను తెరవగలగాలంటే ఆ పుటపై ప్రేమ కొంత ఉండాలి. ఘనపాఠిగారు ఇదే అడిగారు: "ఏది నెలరోజులు వాయించకపోతే నీకు తోచదు తల్లీ?" ఆమె లిగెటి రెండవ ఎట్యూడ్ అన్నది. గ్లాస్ పుస్తకాన్ని ఆ సాయంత్రమే పక్కన పెట్టింది. తక్కిన రెండింటిలో ఏది తీసుకోమనీ ఆయన చెప్పలేదు. ఒక పరీక్ష మాత్రం నేర్పారు.

కొత్తగా వచ్చిన వటువుకు ఎంత చెప్పవచ్చో తెలుసుకోవడానికి ఆయన ఒక పనస సంత చెబుతారు. ఆ రోజు అప్పజెప్పించుకోరు, మరునాడూ అడగరు. మూడవనాడు హఠాత్తుగా చెప్పమంటారు. అప్పటికి ఏది నిలిచి ఉందో అదే వాడి ధారణ. పట్టిన వేగం ఆయన లెక్కలోకి రాదు. ఇదే విధంగా రెండు రచనలలోనూ మొదటి పుటలు వదలి, అతికఠినమని తోచిన చోట్లను మాత్రమే తీసుకోవాలి. చెరొక ఐదారు చాలు. వాటిని అతివిలంబంగా, నొప్పి లేనంతవరకే అభ్యసించి, రెండు రోజులు విడిచి, తిరిగి చూడాలి. ఇలా పది రోజులు. ఆమె నొప్పిని గురించి ఆయన ప్రత్యేకంగా హెచ్చరించారు. దేహం చెప్పే మాటను తపస్సు పేరుతో అణచడం గీతాచార్యునికి సమ్మతం కాదు.

లండన్ చేరిన తరువాత ఆమె ఆ పది రోజులూ యథావిధిగా గడిపింది. పదకొండవ నాడు ఫోనులో వినిపించిన ఫలితం కాగితంమీది నిర్ణయానికి విరుద్ధం. వెబర్న్ రెండవ భాగంలో తీసుకున్న ఐదు చోట్లలో రెండు మాత్రమే నిలిచాయి. మిగిలిన దూకుళ్ళు రెండు రోజుల విరామానికే చెదిరిపోయాయి. లిగెటిలో ఏ మాత్రాభేదానికి భయపడినదో అది నాలుగవ రోజుకే చేతులలో కుదురుకున్నది. ముంజేతిలో నొప్పి లేదు.

కారణం ఆమెకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. 'దెజోర్ద్ర్'తో వ్యర్థమైనవనుకున్న ఐదు నెలలలో రెండు చేతులూ విడివిడిగా లెక్కించడం నేర్చుకున్నాయి. ఆ రచన పూర్తికాలేదు. ఆ సామర్థ్యం మాత్రం ఉండిపోయింది. అగ్రహారంలో కూర్చుని తనను తాను తూచుకున్నప్పుడు ఆమె ఆ ఐదు నెలలకు ముందున్న చేతులను తూచింది. 'అథ' శబ్దానికి ఏది పూర్వవృత్తమో అభ్యాసికి తరచుగా తెలియకపోవడం ఇట్టిదే.

ఘనపాఠిగారు అంతా విని, "ఆ మిగిలిన మూడు దూకుళ్ళు ఏ అంగంలో పోతున్నాయో చూశావా?" అని అడిగారు. సంతానంలో అని ఆమె అన్నది. స్వరం తెలుసు, ఎత్తు తెలుసు, ఒకదానినుండి ఒకదానికి వెళ్ళే దారి చేతికి తెలియదు. అయితే వెబర్న్‌ను పూర్తిగా విడిచిపెట్టవద్దనీ, రోజుకు పది నిమిషాలు ఆ మూడు చోట్లే చూసుకొమ్మనీ ఆయన చెప్పారు. లిగెటి రెండవ ఎట్యూడ్‌ను ఎంచుకున్నట్టు ఆమె గురువుకు ఆ సాయంత్రం తెలిపింది. పరీక్ష వచ్చే వేసవిలో.